నేను రాసిన రిపోర్టు, కొలంబస్ రాసిన ఉత్తరం



పోయిన వారం మందిరానికి సున్నం వేయించడానికి బీరువా జరిపితే, దాని వెనక పడిపోయిన పాత ఫైలు ఒకటి దొరికింది. సెమినరీలో డిప్లొమా ముగించుకుని వచ్చిన కొత్తలో నేను రాసిన రిపోర్టు కాపీ అందులో ఉంది. అప్పట్లో మేము నలుగురం భద్రాచలం అవతల ఏజెన్సీలో ఒక కోయ గూడేనికి సువార్తకు వెళ్లాం. తిరిగొచ్చాక, పరిచర్యకు సహాయం చేసేవారికి పంపడానికి రెండు పేజీలు రాశాను.

కూర్చుని చదివాను. చదువుతుంటే సిగ్గేసింది. "లోకమంటే ఏమిటో తెలియని జనం", "అనాగరికులు", "చీకటిలో మగ్గిపోతున్నవారు" అని రాశాను. రెండు పేజీల్లో ఒక్క మనిషి పేరు కూడా లేదు.

రాయని సంగతి ఒకటుంది. ఆ రాత్రి పెద్ద వాన. ఒక తల్లి తన ఇంట్లో ఉన్న ఒక్క మంచం మాకిచ్చి, పిల్లల్ని తీసుకుని కింద పడుకుంది. పొద్దున్నే ఆకు దొప్పల్లో జావ పోసి ఇచ్చింది. నేను తాగలేదు. "ఈ రోజు ఉపవాసమమ్మా" అన్నాను. ఉపవాసం లేదు, ఏమీ లేదు. అందులో ఏం కలిపారో అని భయం. ఆ రిపోర్టు చదివి కొందరు కానుకలు పంపారు కూడా. అబద్ధమాడింది నేను, అనాగరికులని పేరు పడింది వాళ్లకి.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఆలోచిస్తుంటే, సంఘ చరిత్రలో చదువుకున్న కొందరు గుర్తొచ్చారు. సముద్రాలు దాటి వెళ్లి, అక్కడి జనాన్ని చూసి, ఇంటికి రిపోర్టులు రాసినవాళ్లు. ఈ వారం వాళ్ల సంగతి మీతో పంచుకోవాలని ఉంది. కొంచెం పెద్దదైనా ఓపికగా చదవండి.

ముందు అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం ఒకసారి తెరవండి. ఓడ పగిలి 276 మంది మెలితే ద్వీపం ఒడ్డుకు చేరారు. వాన, చలి. ఆ ద్వీపవాసులు నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నారు. వాళ్ల గురించి లూకా భక్తుడు వాడిన గ్రీకు మాట 'బర్బరోయ్'. గ్రీకు భాష రానివాళ్లందరికీ గ్రీకులు పెట్టిన పేరది. వాళ్ల మాటలు 'బర్ బర్' అన్నట్టు వినబడతాయని. లూకా కూడా తన కాలపు మాటే వాడాడు. అయితే ఆ మాట పక్కనే వాళ్లు చూపిన దయ ఎంత గొప్పదో కూడా రాశాడు. నేను రాయనిది అదే.

ఆ అధ్యాయంలో ఇంకొకటి గమనించండి. పౌలు చేతికి పాము పట్టుకోగానే ద్వీపవాసులు ఆయన్ని హంతకుడు అనుకున్నారు. ఆయనకేమీ కాకపోయేసరికి దేవుడు అన్నారు. కొత్తవాణ్ని చూస్తే హంతకుడో, దేవుడో! మధ్యలో 'మనిషి' అన్న మాట ఎవరికీ తట్టలేదు. ఈ తప్పు అన్ని జాతులవాళ్లూ చేస్తారు. కానీ రాసేవాడి చేతిలో కలంతోపాటు కత్తి కూడా ఉన్నప్పుడు ఆ తప్పు చాలా ఖరీదైనదవుతుంది.

మొదట ఒక తమాషా సంగతి. ఒకప్పుడు వింత మనుషులు ఎవరో తెలుసా? మనమే.

క్రీస్తుకు పూర్వం సుమారు 400 సంవత్సరాల క్రితం పారసీక రాజు కొలువులో క్టేసియస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. అతను ఇండియాకు రాకుండానే ఇండియా గురించి పుస్తకం రాశాడు. ఇక్కడ కుక్క తలల మనుషులు ఉన్నారనీ, ఒంటికాలి మనుషులు వెల్లకిలా పడుకుని తమ పాదాన్నే గొడుగులా పట్టుకుంటారనీ రాశాడు. ఆ తరువాత మెగస్తనీస్ నిజంగానే పాటలీపుత్రానికి వచ్చాడు, చంద్రగుప్త మౌర్యుని కొలువు చూశాడు. ఆయన కూడా నోరు లేకుండా వాసన పీల్చి బ్రతికే జనం గురించీ, చెవులు పరుచుకుని నిద్రపోయే జనం గురించీ రాశాడు. రోమా పండితుడు ప్లినీ వీటన్నిటినీ తన పెద్ద గ్రంథంలో చేర్చుకున్నాడు. అదే ప్లినీ మన ఆంధ్రుల గురించి కూడా రాశాడు: ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు. పట్టణాల లెక్క, కుక్క తలల కథ, రెండూ ఒకే పుస్తకంలో. చదివేవాడికి ఏది లెక్కో ఏది కథో తెలిసే దారి లేదు. వెయ్యేళ్లకు పైగా ఐరోపాలో చదువుకున్నవాళ్లు ఇండియా అంటే ఇదే అనుకున్నారు.

ఇప్పుడు కొలంబస్ దగ్గరికి వద్దాం. 1492లో మూడు ఓడలతో బయలుదేరినప్పుడు ఆయన వెతుకుతున్నది ఆ ఇండియా ప్రాంతాలనే. అందుకే అక్టోబర్ 12న బహామా దీవుల్లో దిగి, అక్కడి జనాన్ని 'ఇండియన్లు' అన్నాడు. మన పేరు తీసుకెళ్లి వాళ్లకు పెట్టాడు. వాళ్లకు వాళ్ల పేర్లున్నాయి, ఆ దీవికి గ్వానహాని అనే పేరు ఉంది. అయినా వాటన్నిటికీ కొత్త పేర్లు పెట్టాడు.

మొదటి రోజుల్లో ఆయన డైరీ నిండా వాళ్ల మంచితనమే. మెత్తనివాళ్లు, ఉన్నదంతా ఇచ్చేస్తారు, ఆయుధాలంటే తెలియదు అని రాశాడు. వినడానికి పొగడ్తలాగే ఉంది కదా? వెంటనే మంచి సేవకులు అవుతారని రాశాడు. వాళ్లకు మతమేదీ ఉన్నట్టు లేదు గనుక సులభంగా క్రైస్తవులవుతారన్నాడు. దిగిన రెండు రోజులకే, యాభై మంది ఉంటే వీళ్లందరినీ లోబరచుకోవచ్చని లెక్క వేశాడు. రెండు రోజుల్లో ఒక జనం మతం గురించి ఏం తెలుస్తుంది ప్రియులారా? వాళ్ల భాషలో ఒక్క ముక్క రాదు. తూర్పు దేశాల్లో పనికొస్తాడని ఆయన వెంట తెచ్చుకున్న దుబాసీకి వచ్చినవి హెబ్రీ, కల్దీయ భాషలు, కొంచెం అరబీ. ఆ దీవుల్లో అవి ఎవరికి అర్థమవుతాయి?

అయినా నవంబర్ 4 నాటికి, అంటే దిగిన ఇరవై మూడు రోజులకు, ఆయన డైరీలో ఒక సంగతి కనిపిస్తుంది. దూరాన ఒంటికన్ను మనుషులు ఉన్నారనీ, కుక్క మొహాలతో మనుషుల్ని తినేవాళ్లు ఉన్నారనీ అక్కడివాళ్లు చెప్పారట! ఒకరి భాష ఒకరికి రానప్పుడు ఈ కబురు ఎలా అర్థమైంది? అది ఆ దీవుల్లో పుట్టిన కబురు కాదు. పాత పుస్తకాల్లోంచి ఓడ ఎక్కి వచ్చింది. చేతి సైగలు చూసి, తనకు ముందే తెలిసిన కథ విన్నాడు.

తిరుగు ప్రయాణంలో 1493లో రాసిన ఉత్తరంలో మాత్రం ఒక నిజం ఒప్పుకున్నాడు: అందరూ అనుకున్నట్టు వికృత రూపాల మనుషులు నాకు కనబడలేదు అని. అంతటితో ఆగితే బాగుండేది. కానీ అదే ఉత్తరంలో, మనుషుల్ని తినేవాళ్లు ఉండే దీవి ఒకటి ఉందని రాశాడు. ఆ ఉత్తరం ఆ ఏడాదే అచ్చయి ఐరోపా అంతా తిరిగింది. కరీబ్, కనీబ అని ఆ ప్రాంతంలో విన్న పేరులోంచి 'కానిబల్' అనే మాట పుట్టింది. ఒక జనం పేరు నరభక్షకులు అనే అర్థానికి మారిపోయింది.

మాట మారితే చట్టం మారింది. 1495లో కొలంబస్ ఐదు వందలకు పైగా జనాన్ని బానిసలుగా ఓడలెక్కించి స్పెయిన్‌కు పంపాడు. వారిలో సుమారు 200 మంది దారిలోనే చనిపోయారు. ఇసబెల్లా రాణి ఆ జనాన్ని బానిసలుగా అమ్మడానికి మొదట అడ్డు చెప్పింది. కానీ 1503లో ఆమే ఒక మినహాయింపు ఇచ్చింది: నరభక్షకులైతే పట్టుకోవచ్చు, అమ్మవచ్చు. ఇక చూడండి, బానిసల వ్యాపారికి ఏ దీవిలో మనుషులు కావలిస్తే ఆ దీవిలో నరభక్షకులు ఉన్నట్టే. కత్తికీ, రోగాలకీ, గనుల్లో చాకిరీకీ టైనో జనం కొన్ని దశాబ్దాల్లోనే చాలావరకు అంతరించిపోయారు. వాళ్ల తోటల్లో పెరిగిన మిరపకాయ మాత్రం సముద్రాలు దాటి మన పచ్చళ్లలోకి వచ్చింది.

దేవుడు ఆ కాలంలో కూడా సాక్షి లేకుండా చేయలేదు. 1511 డిసెంబరులో, క్రిస్మస్ ముందటి ఆదివారం, హిస్పానియోలా దీవిలో ఆంటోనియో డి మోంటెసినోస్ అనే సన్యాసి ప్రసంగం చేశాడు. ఎదుట కూర్చున్నవాళ్లు ఆ బానిసల యజమానులే. గవర్నరు, అంటే కొలంబస్ కొడుకు డియేగో, ఆ సభలోనే ఉన్నాడు. వీళ్లు మనుషులు కారా, వీళ్లకు ఆత్మ లేదా, మిమ్మల్ని మీరు ప్రేమించుకున్నట్టు వీళ్లను ప్రేమించనక్కరలేదా అని మొహం మీదే అడిగాడు. పెద్దలు మండిపడ్డారు. వచ్చే ఆదివారం మాట వెనక్కి తీసుకోవాలన్నారు. ఆ ఆదివారం అందరూ వచ్చి కూర్చున్నారు. ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు. ఈ సంగతి మనకు తెలిసింది లాస్ కాసాస్ అనే గురువు రాసిపెట్టడం వల్ల. ఆయన కూడా అప్పటికి ఆ జనం చేత చాకిరీ చేయించుకుంటున్నవాడే. 1514లో ఆ చాకిరీ హక్కు వదులుకుని, బ్రతికినంతకాలం వాళ్ల పక్షాన వాదించాడు. ఆయన కూడా తప్పు చేశాడు. వీళ్లకు బదులు ఆఫ్రికా బానిసలను తెప్పించండని ఒక దశలో సలహా ఇచ్చి, తరువాత పశ్చాత్తాపపడ్డాడు. ఒక జనం కన్నీళ్లు చూసిన కంటికి ఇంకో జనం కన్నీళ్లు కనబడకపోవడం ఎంత సులభమో చూడండి.

"అయ్యగారూ, ఇదంతా రోమన్ కతోలికుల చరిత్ర కదా" అని మీలో ఎవరైనా అనవచ్చు. అందుకే ఇప్పుడు మన ప్రొటెస్టంటు పాస్టరు గారి సంగతి చెబుతాను.

ఆయన పేరు జాన్ ద లేరీ. ఫ్రెంచివాడు, వృత్తికి చెప్పులు కుట్టేవాడు. జెనీవాలో కాల్విన్ గారి దగ్గర వాక్యం నేర్చుకుంటున్న యువకుడు. 1556లో అక్కడి సంఘం బ్రెజిల్‌కు పంపిన 14 మందిలో ఈయన ఒకడు. ఈ రోజు రియో డి జనీరో ఉన్న గ్వానబార సముద్రపు పాయలో ఒక చిన్న దీవి మీద ఫ్రెంచివారి కోట ఉండేది. విలగాన్యో అనే సైన్యాధికారి దానికి పెద్ద. చుట్టుపక్కల ఒడ్డున ఉండేవారు టుపినంబా జనం. యుద్ధంలో పట్టుకున్న శత్రువులను చంపి తినే ఆచారం వాళ్లకు నిజంగానే ఉండేదని లేరీ రాశాడు.

ఆయన వచ్చిన కొద్ది రోజులకే ఒక గ్రామానికి వెళ్లాడు. వాళ్లు ఆయన టోపీ ఒకరు, నడికట్టు ఒకరు, కత్తి ఒకరు తీసుకుని పెట్టుకుని ఊరంతా తిరిగారు. అంతా పోయిందనుకున్నాడు. కాసేపటికి అన్నీ తిరిగి ఇచ్చేశారు. అది వాళ్ల అలవాటు. పేరడిగారు. వాళ్ల భాషలో 'లేరీ' అంటే ఆల్చిప్ప అట. పెద్ద ఆల్చిప్ప గారు వచ్చారని సంబరపడ్డారు. ఆ రాత్రి ఊళ్లో ఒక బందీని చంపి పండగ జరుగుతోంది. దుబాసీ ఎక్కడో తాగుతూ ఉండిపోయాడు. లేరీ ఊయల మంచంలో పడుకుని ఉంటే ఒకతను కాల్చిన మనిషి పాదం చేత్తో పట్టుకొచ్చి ఏదో అడుగుతున్నాడు. ఈ పూట నా వంతే అని లేరీ వణికిపోయాడు. తెల్లవార్లూ కన్ను మూయలేదు. తెల్లవారాక దుబాసీ వచ్చి సంగతి కనుక్కున్నాడు. అతను అడిగింది నువ్వు కూడా తింటావా అని మాత్రమే. అతిథి వచ్చాడన్న సంతోషంతో వాళ్లు ఆ రాత్రి ఆయన పక్కనుంచి కదలలేదు. ఆయన భయపడ్డాడని తెలిసి వాళ్లే బాధపడ్డారు, తరువాత అందరూ నవ్వుకున్నారు. తన భయం గురించి లేరీ దాచకుండా రాశాడు. జావ తాగని నాకు ఈ భాగం చదివినప్పుడల్లా చెంప చెళ్లుమంటుంది.

కొన్ని నెలలకు ప్రభురాత్రి భోజనం విషయమై విలగాన్యోతో గొడవ వచ్చింది. 1557 చివర్లో ఆయన మనవాళ్లను కోట నుండి వెళ్లగొట్టాడు. అప్పుడు వాళ్లకు తిండి పెట్టి ఆదుకున్నది ఎవరు? టుపినంబావారే. 1558లో మనవాళ్లు ఇంటికి ఓడ ఎక్కారు. ఓడ బాగాలేదని అయిదుగురు చిన్న పడవలో వెనక్కి వచ్చారు. వారిలో ముగ్గురిని విలగాన్యో వాళ్ల విశ్వాసం నిమిత్తం సముద్రంలో ముంచి చంపించాడు. క్రైస్తవుణ్ని చంపింది క్రైస్తవుడు. ఆశ్రయమిచ్చింది 'అడవి మనిషి'.

మిగిలినవాళ్ల ప్రయాణం దాదాపు ఐదు నెలలు పట్టింది. తిండి అయిపోయి తోలు, ఎలుకలు తిన్నారు. ఆకలి ముదిరి ఒకరినొకరు చూసుకునే చూపులో కూడా చెడు తలంపు వచ్చిందని లేరీ ఒప్పుకున్నాడు. ఆ తరువాత ఆయన పాస్టరయ్యాడు. 1572లో ఫ్రాన్సులో ప్రొటెస్టంట్ల ఊచకోత జరిగినప్పుడు తప్పించుకుని సాన్సేర్ పట్టణం చేరాడు. 1573లో ఆ పట్టణాన్ని నెలల తరబడి ముట్టడించారు. తోలు ఎలా ఉడకబెట్టుకుని తినాలో అక్కడివారికి నేర్పాడు. దుప్పట్లతో ఊయల మంచాలు కట్టడం టుపినంబావారి దగ్గర చూసిందే, అది కూడా అక్కడ పనికొచ్చింది. ఆ ముట్టడిలోనే ఒక తల్లిదండ్రులు ఆకలితో చనిపోయిన తమ మూడేళ్ల పాపను తిన్నారు. మిగిలినదాన్ని లేరీ కళ్లారా చూశాడు. వాళ్లు అడవిలో పుట్టినవాళ్లు కారు. ఫ్రాన్సులో పుట్టిన, బాప్తిస్మం పొందిన మనుషులు.

1578లో బ్రెజిల్ గురించి తన పుస్తకం అచ్చు వేశాడు. అంతకుముందు ఆంద్రే తెవే అనే సన్యాసి అక్కడ కొద్ది వారాలుండి, చూసినవీ విన్నవీ కలిపి రాసిన పుస్తకాలకు ఇది జవాబు. నరభక్షణ గురించి రాస్తూ లేరీ ఆగి, మన దేశం వైపు చూడండి అన్నాడు. ఊచకోత రోజుల్లో ఫ్రాన్సులో చనిపోయినవారి దేహాలకు ఏం చేశారో గుర్తుచేశాడు. వడ్డీకి ఇచ్చి వితంతువులనూ అనాథలనూ పీల్చి పిప్పిచేసేవాళ్లు మనుషుల్ని బ్రతికుండగానే తింటున్నారన్నాడు. ఒక ముసలాయన తనను అడిగిన ప్రశ్న కూడా రాశాడు: ఎర్ర రంగు చెక్క కోసం ఇంత దూరం వస్తారేం, మీ దేశంలో పొయ్యిలోకి కట్టెలు లేవా? పిల్లలకు ఆస్తి కూడబెట్టడానికి అంటే ముసలాయన నవ్వాడు. మమ్మల్ని పోషించిన నేలే మా పిల్లల్ని పోషిస్తుందన్న నమ్మకం మాకుంది అన్నాడు. ఆ మాటలు రాసిపెట్టడానికి లేరీకి ఎంత దీనత్వం కావాలో ఆలోచించండి.

ఆయన్ని కూడా దేవుణ్ని చేయకూడదు. టుపినంబావారు హాము సంతానమై శాపం కింద ఉన్నారేమో అని ఆయన రాశాడు. వాళ్లను దయ్యం పీడిస్తోందన్నాడు. పూర్తిగా ఆ కళ్లజోడు తీయలేకపోయాడు. ఇంకో విచారం ఉంది. థియోడర్ డి బ్రి అనే చిత్రకారుడు, ఈయనా ప్రొటెస్టంటే, అమెరికా గడ్డ తొక్కకుండానే 1592లో బ్రెజిల్ బొమ్మల పుస్తకం వేశాడు. కాలుతున్న కాళ్లూ చేతులూ, చుట్టూ తింటున్న జనం. లేరీ పుస్తకం చదివినవాళ్లకన్నా ఆ బొమ్మలు చూసినవాళ్లు ఎక్కువ. పాదం కనబడింది, పక్కనే రాత్రంతా మేలుకున్న ఆతిథ్యం కనబడలేదు.

ఇది దూరదేశాల సంగతి మాత్రమే కాదు. 1871లో బ్రిటిషువారు కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించే చట్టం చేశారు. 1911 తరువాత అది మన మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. ఎరుకలవారి పేర్లు ఆ జాబితాకెక్కాయి. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. దాన్ని నడిపింది మన క్రైస్తవ సంస్థే, సాల్వేషన్ ఆర్మీ. బడి పెట్టారు, పని నేర్పారు. కానీ దొంగలను బాగుచేస్తున్నామన్న మాటతోనే అదంతా జరిగింది. ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. ఊరి పేరు చెబితే ఉద్యోగమిచ్చేవాడి మొహం మారడం మాత్రం అంత త్వరగా రద్దు కాలేదు.

ప్రియులారా, ఈ రోజు మనందరి చేతుల్లో ఫోనుంది. సువార్తకు వెళ్తాం, ఫోటో తీస్తాం, వాట్సాప్‌లో పెడతాం. చినిగిన బట్టల పిల్లవాణ్ని ముందు నిలబెడతాం. "వెనుకబడినవారు", "ఏమీ తెలియనివారు" అని రాస్తాం. అలా రాస్తేనే కానుకలు వస్తాయని మనకు తెలుసు. కొలంబస్‌కు కూడా తెలుసు, ఆయన ఉత్తరం రాసింది తరువాతి ప్రయాణానికి డబ్బిచ్చేవాళ్లకే.

అందుకని మన సంఘం తరఫున నేనొక మాట ఇస్తున్నాను. ఇకమీదట మనం ఏ గూడెం గురించి రాసినా, రాసింది ముందు ఆ గూడెంవాళ్లకే చదివి వినిపిస్తాం. వాళ్లు సరే అంటేనే పంపుతాం. వాళ్ల ముందు చదవలేని మాట వాళ్ల వెనక రాయం. వాళ్లు పెట్టింది తింటాం. వాళ్లు మనకు చేసిన మేలు కూడా, లూకా రాసినట్టు, రిపోర్టులో రాస్తాం.

వర్షాలు తగ్గాక నేను ఆ గూడేనికి మళ్లీ వెళ్తున్నాను. ఇన్నేళ్ల తరువాత ఆ తల్లి ఉందో లేదో. ఉంటే క్షమాపణ అడగాలి, జావ అడగాలి. ఎవరని వెతకాలో కూడా తెలియడం లేదు, ఎందుకంటే ఆ రోజు నేను ఆమె పేరు అడగలేదు. నా కోసం ప్రార్థించండి.

ప్రభువు మన కన్నులను తెరచును గాక. ఆమేన్.

మీ సహోదరుడు, మీ సంఘ కాపరి